నలభై పాయింట్ల గాలి

రంగు కూడా సరిగ్గా వేసుకోవడం రాదు ఈ మనిషికి, తలకి పూసిన నలుపు చెవి వెనకదాకా జారి ఎండిపోయింది, కాలరు అంచుకీ అంటింది, దాని కింద మెడ మీద మూడు మడతలు, మధ్య మడతలో చెమట నిలిచి మెరుస్తోంది, బండి ఇసుకలో ఊగినప్పుడల్లా ఆ మడతలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, చూడొద్దు చూడొద్దు అనుకుంటూనే అతను వెనక సీట్లోంచి అదే చూస్తున్నాడు, ఇంకెక్కడ చూస్తాడు, ఎడమ కిటికీలోంచి చూస్తే ఒడ్డు పొడుగునా సముద్రం కక్కిన నాచు, నల్లగా, కుప్పలు కుప్పలుగా, కుళ్లి, ఈగలు ముసిరి, కుడి కిటికీలోంచి చూస్తే ఇసుక గుట్టలు, వాటి మీద ఎవరెవరో పారేసిన సీసాలు, కవర్లు, ఒంటి చెప్పులు, పోనీ కిటికీ మూద్దామంటే లోపల ఉడికిన గుడ్ల వాసన, బావ దారిలో రెండు గుడ్లు తిన్నాడు, స్టీరింగు వదలకుండా ఒంటి చేత్తోనే, పెంకు పళ్లతో కొరికి, ఆ ముక్కలు అరచేతిలోకి ఉమ్ముకుని, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ గేరు పట్టుకున్నాడు, బండి కొత్తది, సీట్లకి ప్లాస్టిక్ కవర్లు తీయలేదు, తీయనివ్వడు, అవి తొడల కింద చెమటకి అతుక్కుని కదిలినప్పుడల్లా చర్రుమంటున్నాయి, అతను నోట్లో ఊరిన నీళ్లు మింగాడు.

ముందు సీట్లో, బావ పక్కన, అక్క నోరు కొంచెం తెరిచి చిన్నపిల్లలా సముద్రాన్ని చూస్తోంది, తుంటి కీలు మార్చి డెబ్భై రోజులు, ఈ డెబ్భై రోజులూ ఆవిడ చూసింది గది పైకప్పూ, కిటికీలో కరెంటు తీగలూ, అంతే, ఇవాళే మొదటిసారి గడప దాటింది, సముద్రం చూపిస్తానని బావ మాటిచ్చాడట, బస్సులూ కార్లూ ఆగే చోట కాదు, మనుషులు లేని చోట, దిగనక్కర్లేకుండా సీట్లోంచే అలలు కనపడేట్టు, అందుకే నాలుగు చక్రాలూ లాగే బండి కొన్నాడట, అరవై రెండేళ్లు వచ్చాక, ఆఫీసులో మేనేజరుగా ఉన్నన్నాళ్లూ ఎవరో ఒకరి మీద అరవందే పొద్దు గడవని మనిషి, రిటైరయ్యాక ఇక ఇసుక మీద అరుస్తాడు కాబోలు, గేటు దగ్గర కాపలా మనిషి చెప్పనే చెప్పాడు, సార్ టైర్లలో గాలి తీసి వెళ్లండి, ఇసుక బాగా మెత్తగా ఉంది, నాలుగు దాటితే నీళ్లు పైకొస్తాయి, ఆలోపే తిరిగొచ్చేయండి, బావ అద్దం సగమే దించి, మా వెనక సీట్లో టైర్ల ఇంజనీరే ఉన్నాడయ్యా, ఆయనకి తెలీదా ఏం, అన్నాడు, కాపలా మనిషి వంగి లోపలికి చూశాడు, అతన్ని, అప్పుడు చెప్పాల్సింది, ఒక్క మాట, దిగితే పది నిమిషాల పని, గాలి చూసే గేజీ చొక్కా జేబులోనే ఉంది, పడుకునేటప్పుడు తప్ప అది జేబులోంచి తీయడు, చెయ్యి జేబు మీదికి వెళ్లింది కూడా, కానీ ఇంజనీరు అన్న మాట చెవిలో పడి ఉందిగా, చెయ్యి దానంతటదే దిగిపోయింది, నవ్వి తలూపాడు, పర్వాలేదు పోనివ్వండి అన్నట్టు, అడిగారా ఎవరైనా, అడిగితే చెప్పడా, అడగనివాళ్లకి కూడా చెప్తాడు అతను, తన టైర్ల షాపు గోడ మీద ఎర్రరంగుతో మూరెడు అక్షరాలు రాయించాడు, ఇసుకలోకి వెళ్లే బండ్లకి గాలి పద్దెనిమిది పాయింట్లు, రోడ్డెక్కాక ముప్పై రెండు అని, ముక్కూ మొహం తెలియనివాళ్లని ఆపి మరీ చెప్తాడు, టైరు గట్టిగా ఉంటే ఇసుకని కోస్తుందండీ, మెత్తగా ఉంటే అరికాలిలా పరుచుకుంటుంది, ఇరవై ఆరేళ్లుగా చెప్తున్నాడు, బావ ఆ గోడ చదివితేగా, షాపుకి ఎప్పుడొచ్చినా బండి దిగడు, హారన్ కొడతాడు.

పొద్దున కూడా అంతే, హారన్, ఆ వెంటనే ఏమోయ్ ఇంజనీరూ అని కేక, షాపు ముందు లారీవాళ్లిద్దరు, స్కూటరావిడ ఒకావిడ, అందరి ముందూ, టైర్లు చూడు, గట్టిగా కొట్టు, పిసినారితనం చెయ్యకు, గాలేగా, కొట్టాక నువ్వూ ఎక్కు, సముద్రం చూద్దువుగాని, అన్నాడు, లారీవాళ్లు నవ్వారు, అతనూ నవ్వాడు, ఇదొక రోగం, ఆ మనిషి ఏమన్నా ముందు నవ్వేస్తాడు, ఒళ్లు మండడం ఇంటికెళ్లాక, మేనకోడలి పెళ్లిలోనూ అంతే, కొత్త తెల్లచొక్కా వేసుకుని భోజనానికి కూర్చుని మొదటి ముద్ద ఎత్తబోతుంటే భుజం మీద చెయ్యి పడింది, పెళ్లికొడుకు పైఆఫీసరు కారుకి గాలి దిగిందట, ఒక్క నిమిషం వచ్చి చూసి పోదువుగాని, మా టైర్ల ఇంజనీరండీ, అని చుట్టూ ఉన్నవాళ్లకి పరిచయం, వెళ్లి చక్రం మార్చి మోచేతులదాకా మసితో తిరిగొస్తే బల్లలు మడిచేస్తున్నారు, అక్క వంటగదిలోకి తీసుకెళ్లి ప్లేటులో పెట్టిచ్చింది, నిలబడి తిన్నాడు, ఆవిడ అతని చేతులకేసి చూసింది, ఆవిడ ఏనాడూ ఏమీ అనదు, ఆ ఇంట్లో చట్టమే అది, బావకి తెలియనిది బావకి చెప్పకూడదు, దారి తప్పి పోతున్నా సరే, రెండు మలుపులు ఊరుకుని, ఆ బోర్డు మీద ఏమి రాసుందండీ అని అడిగి, ఆయనే కనిపెట్టినట్టు తిప్పించాలి, పిల్లలు కూడా అలాగే పెరిగారు, అల్లుడు ఏడాదిలో నేర్చుకున్నాడు, ఇక బామ్మర్దికి వేరే చెప్పాలా, గట్టిగా కొట్టు అన్నాడు, అలాగే బావగారూ అన్నాడు అతను, గట్టిగానే కొట్టాడు, ఎంత కొట్టాడన్నది ఇప్పుడెందుకు.

ఇంజను గొంతు మారింది, ఇంతసేపూ గుర్రుమంటున్నది ఇప్పుడు మూలుగుతోంది, టైరు ఇసుక మీద ఆగడం లేదు, కోసుకుంటూ దిగుతోంది, ఆ చప్పుడు అతనికి అరికాళ్లలో తెలుస్తోంది, వెనక సీట్లో కాలు దానంతటదే లేని యాక్సిలేటరుని నొక్కుతోంది, స్టీరింగు అలా కోయకండి, వేగం చంపకండి, గట్టిగా ఉన్న తడి ఇసుక వదిలి పక్కకి పోకండి, ఒక్కొక్క మాటా గొంతుదాకా వచ్చింది, ఒక్కొక్కటీ మింగాడు, గుడ్డు వాసనతో కలిపి, చూశావుటే, వెన్నలో పోయినట్టు పోతోంది బండి, అని బావ అక్కతో అంటున్నాడు, అవునండీ అంది అక్క, ఇంకాస్త కిందికి తీసుకెళ్తాను, నురగ దగ్గరగా కనపడుతుంది, అన్నాడు, అప్పుడు అక్క మెడ తిప్పి వెనక్కి చూసింది, తమ్ముడి కళ్లలోకి, ఏరా వెళ్లొచ్చా అన్నట్టు, ఒక్క క్షణమే, అతను ఇసుక గుట్టల మీద సీసాలు లెక్కపెట్టుకుంటున్నట్టు కిటికీలోకి తిరిగాడు, బావ స్టీరింగు సముద్రం వైపు కోసి, ఏటవాలు దింపి, అలలకి ఎదురుగా ముక్కు పెట్టి, ఫోటోకి నిలబెట్టినట్టు బ్రేకు తొక్కాడు, బండి ఒక్క నిట్టూర్పు విడిచి కూర్చుంది, ఎంత బాగుందో అంది అక్క, నిజంగానే బాగుంది, నురగ ముప్పై అడుగుల్లో, అక్క కళ్లలో నీళ్లు, బావ ఆ నీళ్లకేసి చూసి చటుక్కున మొహం తిప్పేసుకుని, ఇంకాస్త పక్కకి తీస్తాను ఉండు, ఎండ పడుతోంది నీ మీద, అని యాక్సిలేటరు తొక్కాడు, బండి కదల్లేదు, వెనక చక్రాలు తిరిగిన చోటే తిరిగి ఇసుక ఎగజిమ్మాయి, మళ్లీ తొక్కాడు, ఇంకా గట్టిగా, ఆ తొక్కుడుకి టైర్లు తమ గొయ్యి తామే తవ్వుకున్నాయి, బండి పొట్ట వెళ్లి ఇసుకకి ఆనింది, కాలిన రబ్బరు వాసన లోపలికి వచ్చింది, అదీ, అనుకున్నాడు అతను, గొంతులోంచి ఏదో తియ్యగా కిందికి దిగింది.

ఎంత తియ్యగా ఉందో అంత రోతగా కూడా ఉంది, అయినా వదలబుద్ధి కాలేదు, దిగి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు, బావ మోకాళ్ల మీద కూర్చుని గుడ్ల డబ్బా మూతతో చక్రం ముందు ఇసుక తీస్తున్నాడు, తీసినంతా మళ్లీ జారి అక్కడే పడుతోంది, వంగినప్పుడల్లా ప్యాంటు కిందికి జారి నడుం కనపడుతోంది, తెల్లగా, మెత్తగా, లోపలి బనీను చెమటకి అతుక్కుని, ఛీ, చూపు తిప్పుకున్నాడు, ఫోను తీస్తే ఒక్క గీతా లేదు, గేటు మూడు కిలోమీటర్లు, టైము నాలుగవడానికి పది నిమిషాలు, నీళ్ల అంచున ఒక నీలం చెప్పు పడి ఉంది, దాన్నే గుర్తు పెట్టుకున్నాడు, ఇందాక అల దానికి బారెడు దూరంలో ఆగింది, ఇప్పుడు దాన్ని తడిపి పోయింది, ఇంకా టైముంది, పద్దెనిమిదికి దించి, వెనక చక్రాల వెనక తవ్వి, సీట్ల ముందు కాళ్ల కింద ఉన్న రబ్బరు పట్టాలు తీసి చక్రాల కింద పరిచి, వచ్చిన దారినే వెనక్కి తీస్తే సరిపోతుంది, చేయి తిరిగినవాడికి అరగంట పని, ఒక్క మాట కావాలి అంతే, ఏం చెయ్యాలోయ్ అని ఒక్క మాట, ఇంజనీరు గింజనీరు ఏమీ లేకుండా, అడిగేదాకా చెప్పడు, తాడోపేడో ఇవాళే తేలాలి, చెప్పుని అల ఎత్తుకొచ్చి ఇంకో నాలుగడుగులు ఇవతల పడేసింది, బావ చేతులు తవ్వుతూనే ఉన్నాయి, గోళ్ల నిండా ఇసుక, వేళ్ల మీద తెల్లని పెంకు ముక్క ఒకటి ఇంకా అంటుకునే ఉంది, ఆ చేతులు, ఆస్పత్రిలో మూడో రోజు, వద్దు, అది ఇప్పుడెందుకు, మూడో రోజు మధ్యాహ్నం అక్క మంచం పక్కన అతనూ బావా ఉన్నారు, నర్సు పక్క గదిలో ఉంది, అక్క గొంతు తగ్గించి ఏవండీ అంది, ఆ వెంటనే వాసన, అతను రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, షాపు దగ్గర ఎవరో కాసుకుని ఉన్నారక్కా అని చెప్పి బయటికి వచ్చేశాడు, కారిడార్లో కిటికీ పట్టుకుని నిలబడ్డాడు, ఎవరూ కాసుకుని లేరు, కాసేపటికి బావ తలుపు తోసుకుని వచ్చాడు, రెండు చేతుల్తో మంచం కింది పళ్లెం పట్టుకుని, దాని మీద కాగితం కప్పి, ఈ చేతులే, అతన్ని చూసి, కొంచెం జరుగు, అన్నాడు, మామూలుగా, అంతే, ఆ రోజు నుంచి అతనికి ఆ మనిషి చేతులు చూస్తే రోత ఎక్కువైంది, ఎందుకో ఆలోచించలేదు, ఆలోచించే తీరిక ఎక్కడిది, అల వచ్చి ముందు టైరుని తాకి వెనక్కి పోయింది.

బావ లేచాడు, నీళ్లకేసి చూశాడు, బండికేసి చూశాడు, మొహం ఎర్రగా కందిపోయి ఉంది, ఊపిరి అందడం లేదు, బీపీ మనిషి, అతన్ని ఏమీ అడగలేదు, అసలు అతనక్కడ ఉన్నట్టే గుర్తు లేనట్టు నేరుగా అక్క వైపుకి వెళ్లి తలుపు తీసి, బండి పోతే పోయింది, నువ్వు నా వీపు ఎక్కు, అని తిరిగి, చేతులు వెనక్కి చాపి, ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు, మూడు కిలోమీటర్లు, ఈ ఇసుకలో, ఈ వయసులో, పిచ్చా ఈయనకి, డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, తొడ పైకి మడవకూడదు, కాలు లోపలికి తిరగకూడదు, కీలు జారిందంటే మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కాల్సిందే, వీపు ఎక్కితే జారుతుంది, బావ పడితే జారుతుంది, ఎక్కకపోతే నీళ్లు, అతనికి జేబులో గేజీ వేడిగా తగులుతోంది, అక్క కదల్లేదు, ఆవిడ ముందు ఆ మెడ వంగి ఉంది, అదే మెడ, మూడు మడతలు, నల్ల మరక, చెమట, అక్క చెయ్యి చాపి ఆ మడతల్లో చెమటని అరచేత్తో తుడిచింది, అలా తుడుస్తూనే దాని మీదుగా తమ్ముడికేసి చూసింది, ఒరేయ్, ఇంక చాల్రా, జేబులోది బయటికి తీయి, నలభై కొట్టావు, నేను చూశాను.

గొంతు పెంచలేదు, అన్నం తిందువుగాని రా అన్నంత మామూలుగా అంది, బావ అలా కూర్చునే తల తిప్పాడు, అక్కకేసి, అతనికేసి, నలభై అంటే ఎక్కువా, అని అడిగాడు, తెలియక అడిగాడు, పిల్లాడిలా, ఇరవై ఆరేళ్లుగా అతను ఎదురు చూసిన మాట అదే, వచ్చింది, వస్తే ఎలా ఉంటుందో ఎన్ని రాత్రులు ఊహించుకున్నాడో, ఏమీ లేదు, నోరంతా చేదు, ఎక్కువే బావగారూ, పద్దెనిమిది చాలు, అన్నాడు, తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది, వెళ్లి మొదటి టైరు దగ్గర కూలబడి, మూత విప్పి, గేజీ వెనక మొనతో పిన్ను నొక్కాడు, గాలి మొహం మీదికి కొట్టింది, రబ్బరు కంపు, తుప్పు కంపు, కంప్రెసరు ట్యాంకులో రోజుల తరబడి మగ్గిన నీళ్ల కంపు, ఎక్కడిదీ వాసన అని ఒక్క క్షణం చుట్టూ చూశాడు, నాచు కాదు, గుడ్లు కాదు, ఇది అతనికి తెలిసిన వాసన, ఇరవై ఆరేళ్లుగా పీలుస్తున్న వాసన, తన షాపు గాలి, తను పట్టిన పైపు, పొద్దున తను పోసిందంతా ఇప్పుడు తన ముక్కులోకే వస్తోంది, కడుపులోంచి తన్నుకొచ్చింది, పక్కకి తిరిగి ఇసుకలో కక్కుకున్నాడు, మోచేత్తో మూతి తుడుచుకుని మళ్లీ పిన్ను నొక్కాడు, ముప్పై, ఇరవై నాలుగు, పద్దెనిమిది, రెండో టైరు, మూడో టైరు, బావ ఏమీ అడక్కుండా వెనక చక్రాల వెనక తవ్వుతున్నాడు, వెడల్పుగా తీయండి బావగారూ అంటే వెడల్పుగా తీశాడు, పట్టా ఇంకాస్త లోపలికి తొయ్యండి అంటే తోశాడు, ఇంత తేలికా, చెప్తే వింటాడా ఈ మనిషి, ఎవరైనా ఎప్పుడైనా చెప్పి చూశారా, నాలుగో టైరు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మోకాళ్ల కిందికి చేరాయి, గట్టిగా కొట్టమన్నది నేనేగా, నీ తప్పేముందోయ్, అన్నాడు బావ, డబ్బా మూత విసిరేసి, నడుం పట్టుకుని లేస్తూ, ఇంజనీరు అనలేదు, అది కూడా గమనించాడు, గమనిస్తూనే నాలుగో టైరు మూత బిగించాడు.

బావ తాళం చెవి అతని చేతిలో పెట్టి వెనక సీట్లోకి ఎక్కాడు, తడి ప్యాంటుతో, తన ప్లాస్టిక్ కవరు మీదికే, అతను నాలుగు చక్రాలూ లాగే లివరు కిందికి దించి, వెనక గేరు వేసి, కాలు నెమ్మదిగా, గుడ్డు మీద పెట్టినట్టు పెట్టి వదిలాడు, టైర్లు ఒక్కసారి మూలిగి పరుచుకున్నాయి, పట్టాల మీదికెక్కాయి, వచ్చిన గీతలు పట్టుకుని ఏటవాలు మీదికి, గట్టి ఇసుక మీదికి, బ్రేకు తొక్కకుండా దానంతటదే ఆగేదాకా పోనిచ్చాడు, ముందు, వాళ్లు ఇంతసేపూ నిలబడ్డ గొయ్యిలోకి అల వచ్చి నిండింది, అక్క చెయ్యి అతని పక్కన ఒళ్లో ఉంది, వేళ్ల చివర పసుపు మరక, దేనిదా మరక, చూస్తూనే ఉన్నాడు, పొద్దుటిది, కమలాపండు తొక్కది, అప్పుడు వచ్చింది, పొద్దుట్నుంచి ఎటు తిరిగినా తప్పించుకున్నది, పొద్దున షాపు ముందు హారన్ ఒకవైపు, బావ అటువైపు, ఇటువైపు కిటికీ దించి ఉంది, అక్క అందులో కూర్చుని కమలాపండు ఒలుస్తోంది, మీ పెద్దాడికి జ్వరం తగ్గిందట్రా అని అడిగింది, తగ్గిందక్కా అన్నాడు అతను, ఆవిడ కూర్చున్న సీటు కింది టైరుకే వంగి పైపు పట్టుకుని, ముల్లు ముప్పై రెండు దాటింది, ఇదిగో తిను, ఏమీ తిని ఉండవు నువ్వు, అని ఒక తొన చాపింది, చేతులు మసిగా ఉన్నాయని అతను నోరు తెరిచాడు, ఆవిడే నోట్లో పెట్టింది, ముప్పై ఆరు, ఇసుకలోకి వెళ్తున్నారని తెలుసు, ఆవిడ దిగి నడవలేని మనిషని తెలుసు, బావకి బుద్ధి చెప్తున్నానని కదా అనుకున్నాడు, ఆ బండిలో అక్క ఉంది, అక్క ఉందని తెలిసే కొట్టాడు, ముల్లు నలభైకి వచ్చేదాకా ఆ తొన నములుతూనే ఉన్నాడు, పండు తియ్యగా ఉందక్కా అని కూడా అన్నాడు.